అవ్వకు నేర్పిన గ్రీకు

ఆ దినాలల్ల మాకు కొత్త మాట ఒకటి దొరికిందంటే కొత్త లంగా కుట్టిచ్చుకున్నట్టే. కట్టుకొని నాలుగు వాకిండ్లు తిరిగి చూపిచ్చుకుంటెగాని పానం ఊకుండేది కాదు. నేను డోర్నకల్ మిషన్ బడిల చదివేటప్పుడు అట్ల దొరికిన మాట 'టెలి'. మాకు ఇంగ్లీషు చెప్పే అయ్యగారే చర్చిల వాక్యం గూడ చెప్పేది. కొత్త నిబంధనను అది పుట్టిన బాసల్నే చదవాల్నని పట్టువట్టి ముసలితనంల గ్రీకు నేర్చుకున్నడు. నేర్చుకున్నది ఊకెనే పోతదా, మా నెత్తి మీద పడ్డది. (ఆయనకు మేం పెట్టిన పేరు గ్రీకు తాత. ఆయనకు ఎర్కనే, కోపం మాత్రం రాకపోయేది.) ఒకనాడు బోర్డు మీద 'టెలి' అని రాసి, గిది గ్రీకు మాట, దూరం అని అర్థం, దీన్ని ముందల తగిలిచ్చుకున్న మాటలన్నిట్ల దూరం ఉంటదన్నడు. గ్రాఫ్ అంటే రాత, టెలిగ్రాఫ్ అంటే దూరపు రాత. స్కోప్ అంటే చూపు, టెలిస్కోప్ అంటే దూరపు చూపు. ఫోన్ అంటే గొంతు, టెలిఫోన్ అంటే దూరపు గొంతు.

ఇగ నన్ను పట్టేటోళ్లు లేకపోయిరి. మా నాయిన స్టేషన్ల పాయింట్స్‌మన్. రైళ్లకు పట్టాలు మార్చి మార్చి అలిసిపోయి ఇంటికొస్తె, కాళ్లన్న కడుక్కోనియ్యకుండ దూరపు రాత పాఠం మొదలు పెట్టిన. పాపం, ఆయన నిలవడ్డకాడనే నిద్రపోయిండు. అమ్మకు చెప్పవోతే, ఆ దూరపు చూపు తర్వాత సంగతి గని ముందు దగ్గర చూపుతోని బియ్యంల రాళ్లు ఏరమన్నది. నా చదువును ఖాతరు చేసి విన్నది ఒక్క మా అవ్వనే.

అవ్వ అంటే మా నాయిన తల్లి. లింగాల ఘనపూర్ దిక్కు పల్లె నుంచి వచ్చి మాతోనే ఉంటుండె. ఆమెకొక పట్టింపు. ఇంట్ల ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి 'తిన్నవా' అని అడిగేది. 'తిన్న' అని వాళ్ల నోటితోని విన్నంకనే తను ముద్ద ముట్టేది. మేం ఆటల పడి జవాబియ్యకపోతె, గిన్నె ముందల పెట్టుకొని అట్లనే కూసునేది. ఆ యేడు మా అన్న దొరల మీద కొట్లాడే సంఘంల కలిసి భూపాలపల్లి అడవుల దిక్కు పోయిండు. (ఎవరన్న అడిగితె, మేనమామ ఊర్లె ఎవుసం చూసుకుంటున్నడని చెప్పాలె.) అడిగితె 'తిన్న' అనే గొంతు ఒకటి ఇంట్ల తక్కువైంది, ఆ నాటి నుంచి అవ్వ అన్నం ముట్టలే. పొద్దుమీకి ఇంత అంబలి తాగి పండుకునేది. మనిషి ఎండిపోయి మంచానికి అంటుకున్నది. దవాఖానకు తోలుకపోతె, డాక్టరమ్మ నాయినను పక్కకు పిలిచి, రోగమేం లేదు, తింటలేదు, గిట్లనే ఉంటే మనిషి దక్కదన్నది. నాయిన అవ్వ కాళ్లు పట్టుకొని బతిమిలాడిండు. అయినా వినలే.

అసుంటి అవ్వకు నేను గ్రీకు చెప్పిన. టెలిఫోన్ అంటే దూరపు గొంతు అనంగనే అవ్వ లేచి కూసున్నది. ఎంత దూరమున్నా ఇనవడ్తదా అని అడిగింది. ఎంత దూరమున్నా అన్న. (చదువుకున్నోళ్లం గద, తక్కువ జేసి చెప్తమా.) అది మన టేషన్ల ఉన్నదా అన్నది. ఉన్నదన్న. తెల్లారెవరకు అవ్వ ఉతికిన చీర కట్టి, కర్ర పట్టుకొని వాకిట్ల నిలవడ్డది.

"పా బిడ్డా, నీ అన్నను అడగాలె."

దానికి తీగె ఉండాలె, అడివిల తీగె లేదు అని ఎంతో చెప్పి చూసిన. నిన్న నువ్వు చెప్పిన అర్థంల తీగె ముచ్చట లేకుండె గద అన్నది అవ్వ. నిజమే, గ్రీకుల తీగె లేదు.

స్టేషన్ల పోలీసులు బెంచి మీద కూసోని ఉన్నరు. అవ్వ నోట్లె నుంచి అన్న పేరు వచ్చిందంటే నాయిన నౌకరి పోవుడే గాదు, నాయిన గూడ పోతడు. స్టేషన్ మాస్టరు ఎదురొచ్చి ఏం గావాలె అవ్వా అంటె, మనుమనితోని ఒక్క మాట మాట్లాడాలె అన్నది. మనుమడు ఎక్కడున్నడని ఆయన అడిగిండు. ఆ ఫోను అవతలి కొస ఉన్నది మహబూబాబాద్ స్టేషన్ల, అందుకని అవ్వ నోరు తెరవకముందే "మహబూబాబాద్ల" అన్న నేను. ఆయన నన్ను చూసిండు, అవ్వ ఎండిన చేతులు చూసిండు, బయట పోలీసులను చూసిండు. తలుపు దగ్గరికేసి ఫోను హ్యాండిలు తిప్పిండు. అటుమొకం తిరిగి ఉర్దూల గుసగుస ఏందో చెప్పి, ఫోను అవ్వ చెవికి పెట్టిండు.

అవ్వ ఫోను అవుసరం లేకుండనే మహబూబాబాద్‌కు ఇనవడేటట్టు మాట్లాడింది.

"తిన్నవా కొడుకా?"

నేను చెవి దగ్గరికి పెట్టి విన్న. ఎవరో పడుచు పిలగాని గొంతు, జర వణుక్కుంట, "తిన్న అవ్వా. నువ్వు గూడ తిను" అన్నది. అవ్వ ఇంకో మాట అడగలే. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని, పళ్లెం ముందలేసుకొని అన్నం పెట్టమన్నది. పచ్చిపులుసుతోని అన్నం తింటుంటె, అమ్మ గోడ దిక్కు తిరిగి ఏడ్చింది. మల్ల ఏనాడూ అవ్వ అన్నం మానలే.

పోరాటం ఆగినంక అన్న ఇంటికొచ్చిండు. సన్నగైండు, గడ్డం పెరిగింది, అయినా మా అన్ననే. సంబురం ఆగక, నా గ్రీకుతోని అవ్వను ఎట్ల నమ్మిచ్చిననో, ఎట్ల అన్నం తినిపిచ్చిననో ఒక్కతీరుగ గొప్పలు చెప్పుకున్న. అవ్వ అన్న పళ్లెంల ఇంకింత అన్నమేసుకుంట నిమ్మలంగ అన్నది:

"వీని గొంతు నాకు ఎర్క లేదా బిడ్డా? ఎవల కొడుకో, నేను తినాల్నని అబద్ధమాడిండు. అంత జేసినంక గూడ తినకపోతె, నేనేం మనిషిని?"

తర్వాత నేను జనగామల ఇంగ్లీషు టీచరునైన. బోర్డు మీద 'టెలి' రాసినప్పుడల్ల పిల్లలకు దూరం అనే చెప్పిన, పరీక్షల మార్కులు దానికే వస్తయి గద. (టెలివిజన్ వచ్చేనాటికి గ్రీకు తాత లేడు. ఆ మాట సగం గ్రీకు, సగం లాటిన్ అని తెలిస్తె మస్తు పరేషాన్ అవుతుండె.) ఇప్పుడు మా అన్న మహబూబాబాద్లనే ఉంటడు. పగటీలి అన్నం యాళ్లకు నేను ఫోను చేసి, తిన్నవా అన్నా అంట. తిన్న, నువ్వు తిను అంటడు. ఇంకా తినలేదని గొంతుల్నే తెలుస్తది. ముసలోడు, బద్ధకం. అయినా నేను ఫోను పెట్టేసి, పళ్లెం దగ్గరికి జరుపుకుంట.