విశ్వకర్మ పటం ముందు ఎనిమిది చీటీలు

ఎనభైల మధ్యలో, ఒక వానాకాలం మొదట్లో, బరంపురంలో దిగపహండి రోడ్డు మీదున్న చిన్న మెషీన్ షాపులో నాకు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వచ్చింది. బడికి వెళ్ళని నాకు లెక్కలు, గణాంకశాస్త్రం ఇంట్లోనే చెప్పి, ప్రైవేటుగా పరీక్షలు రాయించినది మా నాన్నగారు. దేవుడికి పెట్టే దణ్ణాల్లో ఆయనకీ ఒకటి ఉంటుంది.

మా షాపు రామయ్యపట్నం పడవల ఇంజన్లకు షాఫ్టులు చేసేది. నేను చేరేసరికి ఒక లాటు సరుకు వెనక్కి వచ్చింది. షాఫ్టులు గరుకుగా ఉండి, అవి తిరిగే బుష్షులు అరిగిపోతున్నాయట. యజమాని సావుకారుగారు తప్పంతా లేతు యంత్రం మీద షాఫ్టులు కోసే టర్నర్ అప్పన్నగారి మీద పెట్టారు. "ముసలాడైపోనాడు, సెయ్యి వణుకుతంది. ఇంకో లాటు తిరిగొత్తే ఇంటికే!" అన్నారు.

లోపం చేతిదో యంత్రానిదో తేల్చడానికి నేనొక ప్రయోగం రాశాను. షాఫ్టు తిరిగే వేగం, టూలు ముందుకు జరిగే ఫీడు, కోత లోతు, ఈ మూడింటికీ హెచ్చొకటి, తగ్గొకటి తీసుకుంటే ఎనిమిది కలయికలు. ఒక్కొక్కటే మార్చి చూస్తే అవి ఒకదానితో ఒకటి కలిసి ఏం చేస్తాయో తెలియదు. వరసా మనం ఎంచుకోకూడదు. ఎంచుకుంటే యంత్రం వేడెక్కడం లాంటి వాటి ప్రభావం కొన్ని కలయికల మీదే పడుతుంది.

వరస లేకుండా గేర్లు మార్చమనేసరికి అప్పన్నగారికి ఒళ్ళు మండింది. "ఇదేటి తల్లీ, ఎనక్కీ ముందుకీ? గేర్లతో కోతికొమ్మచ్చి ఆడమంటావేటి?"

మా ఇంట్లో ఏదైనా తేలకపోతే దేవుడి ముందు చీటీలు వేయడం అలవాటు. ఒక్కో కలయిక ఒక్కో చీటీ మీద రాసి, షాపులో విశ్వకర్మ పటం ముందు ఎనిమిది చీటీలు వేశాను. అప్పన్నగారు చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని మొదటి చీటీ తీశారు. అందులో ఉన్న ప్రకారం గేర్లు మార్చారు.

"లేతుకి జాతకం రాయిత్తన్నావేటమ్మా?" అని సావుకారుగారు నవ్వారు.

నునుపు చూసే నమూనా పలకతో పోల్చి చూస్తే ఎనిమిది షాఫ్టులూ నున్నగానే ఉన్నాయి. ఎక్కువ వేగమూ పనికొస్తుందని సావుకారుగారు దానితోనే కొత్త లాటు మొదలుపెట్టించారు. మధ్యాహ్నానికి మళ్ళీ గరుకు. "సూసినావా? మనిషిదే లోపం," అన్నారు. అప్పన్నగారు లేతు తుడవడం మొదలుపెట్టారు.

లాటు ఆపించి మళ్ళీ చీటీలు వేశాను. ఈసారి పక్కనే నిలబడ్డాను. ప్రతి చీటీకీ ఆయన టూలు విప్పి, గ్రైండర్ మీద పదును పెట్టుకొస్తున్నారు. మామూలు రోజుల్లో పదును పొద్దున్న ఒక్కసారే. ఎందుకని అడిగితే వింతగా చూశారు. "దేవుడి సీటీ పనికి మొండి టూలెట్టమంటావేటమ్మా? పాపం కాదేటి?"

పదునును నాలుగో అంశంగా చేర్చి, సగం కోతలు కొత్త పదునుతో, సగం అరిగిన టూలుతో చేయించాను. ఆ మొండి చీటీలూ దేవుడిచ్చినవేనని చెబితే గాని ఆయన ఒప్పుకోలేదు. కొత్త పదునుతో ఏ వేగమైనా ఫరవాలేదు. అరిగినదానితో వేగం పెంచితే గరుకు. లోపం చేతిలో లేదు, పొద్దున్న పెట్టిన పదును మధ్యాహ్నానికి అరిగిపోవడంలో ఉంది. కొన్ని షాఫ్టులకోసారి పదును పెట్టాలన్నది షాపు నియమమైంది. గ్రైండర్ దగ్గర పొద్దు పోతోందని సావుకారుగారు గొణిగారు గాని, లాటు తిరిగి రాలేదు. అప్పన్నగారు తనంతట తానే మానుకునేదాకా ఆ లేతు మీదే పనిచేశారు.

కాగితం మీద రాయని పని కూడా ఫలితంలో కలుస్తుంది. ఆ తరవాత ఎక్కడ ప్రయోగం రాసినా, ముందు ఒక మామూలు రోజున పనివాడి పక్కన నిలబడి, ఒక ముక్క మొదటినుంచి చివరిదాకా తయారవడం చూశాకే అంశాలు ఎంచుకున్నాను.