బాపు జీపును బెత్తెడు లేపించిన వానాకాలం

మేముండే వాటా కింద ఒక కుర్రాడు కొత్తగా జీపు కొన్నాడు. నల్లగొండ సిమెంటు రోడ్ల మీద తిరగడానికి దాన్ని ఎంత ఎత్తు లేపించాడంటే, వాళ్లమ్మ గుడికి పోవాలన్నా ముందు ప్లాస్టిక్ పీట తెచ్చి కింద వేయాలి, ఆమె ఎక్కాక ఆ పీటను కూడా బండిలో ఎక్కించుకోవాలి, అక్కడ దిగాలి కదా. నా పసిపాపను నిద్రపుచ్చి, ఊపిరి సరిగ్గా ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూసి, కిటికీ దగ్గర కూర్చుంటే కింది నుంచి కొత్త రబ్బరు, గ్రీజు కలిసిన వాసన పైకి వస్తుంది. ఆ వాసనకు నాకు ఆకలేస్తుంది. మా బాపు, అంటే నాన్న, జీపులో గ్రీజు వాసన ఒంటరిగా ఎప్పుడూ లేదు మరి. వానాకాలంలో కాల్చిన మక్కకంకులు, తొలి ఏకాదశికి మూటల్లోంచి రాలిన పేలాలపిండి, బతుకమ్మ ముందు గోనెసంచుల్లో వాడిపోతున్న గునుగుపూలు, ఆ తర్వాత వెనక సీటు కింద మగ్గి పగిలిన సీతాఫలాలు, అన్నీ కలిసి దానికి ఒక ఇంటి వాసన ఉండేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నేను ఏడో తరగతి. నల్లగొండకు పడమట గుట్టల మధ్య మా ఊరు. బాపు ఎక్కడో పాత జీపు కొనుక్కొచ్చాడు, కాని అది మాది అని ఊరు ఎప్పుడూ అనుకోలేదు. సంతకు, పెళ్లికి, పత్తి గింజలకు, పీర్ల పండుగకు, దవాఖానకు, ఎవరికి ఎక్కడ పని ఉన్నా అది తిరిగేది. ముందు సీట్లో ముసలివాళ్లు, వెనక ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లలో మేము, మా ఒళ్లలో కోళ్లు, వెనక కడ్డీ మీద మగవాళ్లు, పైన మూటలు. ఇంకా ఎవరైనా చెయ్యెత్తితే బాపు ఆపేవాడు, లోపలివాళ్లు "జర జరుగుండ్రి" అనుకుంటూ జరిగేవాళ్లు, ఎక్కడికి జరిగేవాళ్లో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఊరి నుంచి రోడ్డెక్కాలంటే వాగు దాటాలి. వాగులో రాళ్లు, నీళ్లలో పడుకున్న బర్రెల్లా నున్నగా, నల్లగా వీపులు తేల్చి ఉండేవి. ఎండాకాలం వాటి నడుమ ఇసుకలో మేం చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడేవాళ్లం. వానాకాలం నీళ్లు పెరిగితే ఏ రాయి ఎక్కడుందో తెలియదు, జీపు కడుపు టంగుమని తగిలేది. అవతలి నుంచి ఏ బండీ ఊళ్లోకి వచ్చేది కాదు. సరిగ్గా ఆ ఏడే మా చిన్నత్త, అంటే బాపు చెల్లెలు, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండేది వాగు నిండే రోజుల్లోనే. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి బాపుకు నిద్ర లేదు. జీపు కింద పడుకుని పైకి చూసేవాడు.

బండిని లేపించాలని తేలింది. ఎంత లేపించాలన్నదే తేలలేదు. మా ఊళ్లో దానికి కొలత చెయ్యే: నాలుగు వేళ్లు అడ్డం పెడితే బెత్తెడు, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపితే జానెడు. అరుగు మీద కూర్చున్న మగవాళ్లంతా జానెడు పక్షం. బాపును కన్న మా అవ్వ ఒక్కతే బెత్తెడు కూడా ఎక్కువే అనేది. బాపు మాత్రం లోలోపల జానెడుకే మొగ్గాడు. జానెడు లేచిన జీపులో మనిషి కూర్చుంటే ఊరి గోడల మీదుగా కనిపిస్తాడు మరి.

ఒక ఆదివారం బాపు, అవ్వ, నేను నార్కట్‌పల్లికి పోయాం. హైవే పక్కన జీపులు లేపే దుకాణం. చక్రాల మీద బండిని మోసే కమాన్ పట్టీలు, కుదుపులు ఆపే కొత్త షాకులు, బోల్టులు అన్నీ ఒకే డబ్బాలో అమ్ముతారు. బయట జానెడు లేపిన జీపు ఒకటి నమూనాకు నిలబెట్టారు. అవ్వ దాని చుట్టూ తిరిగి, కొంగు నడుముకు చెక్కి, ఒక కాలు పైన పెట్టింది. రెండో కాలు నేల విడవలేదు. పైకీ పోలేక, కిందికీ రాలేక తలుపు పట్టుకుని వేలాడుతూ అరిచింది:

"అరేయ్ కొడకా, నొప్పులొచ్చిన పిల్ల గిదెట్ల ఎక్కుతదిరా? ఎక్కేలోపట్నే ఈడనే కంటది. ముందుగాల నన్ను దించు!"

దాంతో జానెడు పక్షం ఓడిపోయింది. బెత్తెడు ఖాయమైంది.

కాని అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. దుకాణం అతను మాటకారి, నూనె మరకల ఖాకీ చొక్కా వేసుకున్నాడు. "అన్నా, పట్టీల్ల రెండు రకాలున్నయి. బరువు తక్కువైతే మెత్తటివి, ఎక్కువైతే గట్టియి. గట్టివాటి మీద కొంతమందే కూసుంటే నడుములు ఇరుగుతయి. మెత్తటివాటి మీద ఊరంత ఎక్కితే బండి కూలవడ్తది. చెప్పు, నీ బండిల ఎంతమంది కూసుంటరు?"

హైవే మీద ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఎప్పుడు ఆపినా బాపును అడిగే మాట అదే. బాపు చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. గొంతు తగ్గింది.

"నలుగురమే సార్. ఇంటోల్లమే."

"సార్ ఎందుకన్నా, నేను దుకాణపోన్ని."

"ఔ సార్. నలుగురమే."

నేను నోరు తెరిచాను. అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది. బండి ఆపినప్పుడు పిల్లలు లోపలి జనాన్ని పైకి లెక్కపెట్టకూడదన్నది మాకు అక్షరాలకంటే ముందు నేర్పిన చదువు. అవ్వ కొంగు తల మీదికి లాక్కుని, తనకు ఈ బండితో ఏ సంబంధమూ లేనట్టు రోడ్డు వైపు చూసింది. అలా మా జీపుకు మెత్తటి పట్టీలు పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఉన్నది ముగ్గురమే కాబట్టి బండి ఉయ్యాలలా ఊగుతూ వచ్చింది. అవ్వ నిద్రపోయింది. ఊరంతా వచ్చి బండి కింద చేతులు పెట్టి బెత్తెడు నిజంగా లేచిందా అని కొలిచింది. దుకాణంలో జరిగింది నేను చిన్నత్తకు చెబితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "నలుగురా? మన జీపులనా?" అని ఆగి, మళ్లీ నవ్వింది.

ముసురు పట్టిన ఒక పొద్దున ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బాపు బండి తీసేసరికి వాడకట్టు మొత్తం చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. తొలి కాన్పుకు వెంట పోకపోతే మా దగ్గర అది పగ కింద లెక్క. చిన్నత్తను చాప పరిచి పడుకోబెట్టారు. ఆమె చుట్టూ అవ్వ, అమ్మ, ఊరి మంత్రసాని యాదమ్మవ్వ, చెంబులు, దుప్పట్లు, వేపాకు, వేడినీళ్ల బిందె, ఆ బిందె పట్టుకోవడానికి ఒకామె, ఆమెను పట్టుకోవడానికి ఇంకొకామె. నేను ఎవరి ఒళ్లో ఉన్నానో ఆమె ముఖం నాకు కనబడలేదు. లేపిన బెత్తెడూ పోయి, బండి పాత ఎత్తు కంటే కిందికి కుంగింది.

వాగు నడుమ టంగుమని రాయి మీద కూర్చుంది. చక్రాలు నీళ్లను కొడుతున్నాయి, బండి కదలదు. నీళ్లు కాళ్ల కిందికి వచ్చాయి. చిన్నత్త అరిచింది.

బాపు వెనక్కి తిరిగి, "దిగుండ్రి, అందరు దిగుండ్రి!" అన్నాడు.

"నేను దిగ," అంది యాదమ్మవ్వ. "నీ చెల్లె బొడ్డు గోసింది నేను. దీని బిడ్డ బొడ్డు ఎవరు గోస్తరు?"

"దవాఖానల డాక్టరమ్మ గోస్తది చిన్నమ్మా!"

"డాక్టరమ్మకు మన పిల్ల సంగతి ఏమెరుక?"

"నన్ను దించి ఆమెను తీస్కపోతే మల్ల మా ఇంటి మొఖం సూడకు," అంది బిందె ఆమె.

ఎవరూ కదల్లేదు. అప్పుడు చాప మీది నుంచి, నొప్పికీ నొప్పికీ నడుమ, చిన్నత్త తల ఎత్తింది.

"అన్నా! దుకాణంల ఏం చెప్పినవ్? నలుగురమే అన్నవా లేదా? గా నలుగురు తప్ప అందరు దిగుండ్రి! నా పానం పోతాంది!"

దిగారు. ఒక్కొక్కరు నీళ్లలోకి దిగుతుంటే జీపు వేలెడు వేలెడు చొప్పున, ఈనిన బర్రె ముక్కుతూ లేచినట్టు రాయి మీంచి లేచింది. లోపల మిగిలింది బాపు, చిన్నత్త, అవ్వ, పంతం విడవని యాదమ్మవ్వ. దిగిన ఆడవాళ్లంతా చీరలు మోకాళ్ల పైకి చెక్కి, బూతులు కొన్ని బండికి, కొన్ని బాపుకు పంచి, వీపులు ఆనించి నెట్టారు. నీళ్లు నన్ను లాక్కుపోకుండా అమ్మ ఒక చేత్తో నా జడ పట్టుకుని, రెండో చేత్తో తనూ నెట్టింది. ఒక్కసారి ఊగి బండి అవతలి గడ్డ ఎక్కింది. గుంతల రోడ్డు మీద మెత్తగా, పల్లకీలా తేలుతూ పోయింది.

తడిసిన బట్టలతో అందరం మా ఇంటికే వచ్చి, పొయ్యి చుట్టూ కూర్చుని, అమ్మ కలిపిన పచ్చిపులుసుతో అన్నం తిన్నాం. ఫోను మోగేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని తెలిశాక బిందె ఆమె మూతి తుడుచుకుని అంది: "బెత్తెడు లేపిచ్చిండు, జానెడు దిగబడ్డది. ఏం కొనుడో ఏమో!"

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన ఉంది. రాళ్లు ఇసుకలో పూడుకుపోయాయి. యాదమ్మవ్వ లేదు. జీపును ఇటుకబట్టీ ఆయన కొని, ముక్కలుగా అమ్ముకున్నాడట.

నాకు నొప్పులు మొదలైన రోజు, మా దగ్గరికి బయలుదేరిన అమ్మ ఇంకా బస్సులో ఉంది. దవాఖాన దగ్గరుండాలని పుట్టింటికి పోకుండా మేం నల్లగొండలోనే ఉన్నాం. మా ఆయన ఫోనులో కారు పిలిచి, ముందు సీట్లో కూర్చుని దారి చూపిస్తున్నాడు. కారు చాలా మంచిది, ఒక్క కుదుపు లేదు. వీధిలో ఏ తలుపూ తెరుచుకోలేదు, వాళ్లకు చెప్పాలని మాకూ తోచలేదు. వెనక సీట్లో నేనొక్కదాన్నే. పెద్ద నొప్పి వచ్చినప్పుడు పట్టుకోవడానికి చెయ్యి పక్కకు చాపాను. తలుపు దాకా అంతా ఖాళీ.