స్కేలు పెట్టి కొట్టేసిన తప్పులు

పదో తరగతి ప్రీఫైనల్ లెక్కల పేపర్లు దిద్దుతుంటే నా దగ్గర ట్యూషన్ చదివే ఒకమ్మాయిది చేతికొచ్చింది. రెండే లెక్కలు. రెంటికీ పూర్తి మార్కులు. మిగతాదంతా ఖాళీ. తిరుపతిలో అప్పటికి పదిహేనేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, రాని పిల్లలతో వేగడం నాకు అలవాటే. అన్నీ వచ్చి కూడా రాయని పిల్లను చూస్తే ఒళ్లు మండింది. పబ్లిక్ పరీక్షకు నెల కూడా లేదు.

సాయంత్రం మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చినదాన్ని పాఠమయ్యాక నిలదీశాను.

"ఆన్సరు సరిగ్గా వస్తాదో రాదో అని మనసులోనే చేసి సూసుకుంటా ఉండినాను మేడం. అంతలోనే బెల్లు కొట్టేసినారు."

"తప్పొస్తే కొట్టేసి మళ్లీ రాయచ్చు కదే?"

కూతుర్ని తీసుకుపోవడానికి వడమాలపేట నుంచి మోపెడ్ మీద వచ్చిన వాళ్ల నాయన గుమ్మంలోంచే అందుకున్నాడు. "మా పాప పుస్తకం సూడండి మేడం, యాడా ఒక్క కొట్టివేత ఉండదు." ఆయన ముఖంలో ఆ సంబరం చూసి అవునన్నట్టు తలూపాను.

ఆయన మోపెడ్ దగ్గరికి పోయాక పిల్లతో అన్నాను, "రేపట్నుంచి పేజీకి ఒక కొట్టివేతన్నా ఉండాల. లేకుంటే నీ పుస్తకం ముట్టుకోను."

మర్నాడు తెచ్చింది. ప్రతి పేజీలో సరిగ్గా ఒక తప్పు, ప్రతి తప్పు మీదా స్కేలు పెట్టి గీసిన సన్నటి గీత. వేరే కాగితం మీద లెక్కంతా చేసుకుని, ఒక తప్పును జాగ్రత్తగా తయారుచేసి, అందంగా ఎక్కించుకొచ్చింది! నవ్వొచ్చింది, వెంటనే నీరసమొచ్చింది. కుర్చీలో కూలబడ్డాను.

"ఇది తప్పా, ముగ్గా?" అన్నాను. మిగతా పిల్లలు నవ్వారు. ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"మీరు బోర్డు మీద ఒక్కనాడూ తప్పు చేసింది లేదు కదా మేడం."

ఎందుకు చేస్తాను? ప్రతి లెక్కా తెల్లారుజామునే లేచి పొయ్యి దగ్గర చేసుకుని, వాళ్ల ముందు అప్పుడే తోచినట్టు గడగడా రాసేదాన్ని. పిల్లల ముందు తడబడితే పరువు పోతుందని భయం. ఆ సంగతి అప్పుడూ చెప్పలేకపోయాను, సిగ్గేసింది. "నువ్వే ఒక లెక్కివ్వు" అని సుద్దముక్క తీసుకున్నాను.

పాత ప్రశ్నపత్రంలోంచి త్రికోణమితి లెక్క ఒకటి చదివింది. నాలుగో లైనులోనే ఇరుక్కుపోయాను. "నాకు రావడం లేదు" అన్నాను చివరికి. పిల్లలతో ఆ మాట అనడం అదే మొదలు.

"ఈడ మైనస్ రావాల మేడం," అందా పిల్ల.

మార్చి చూశాను. అదీ తప్పే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఇక నోరు తెరవదనుకున్నాను. లేచి వచ్చి, అరచేత్తో ఆ మైనస్ తుడిచేసి, నా చేతిలో సుద్దముక్క తీసుకుంది.

ఆ లెక్క ఆ సాయంత్రం తెగనే లేదు. పబ్లిక్‌లో మాత్రం పేపరంతా రాసింది. "మూడు తప్పు పోయినాయి మేడం" అని పరీక్షయిన సాయంత్రం గుమ్మంలోంచే చెప్పింది, వాళ్ల నాయన పక్కనుండగానే, గొంతు తగ్గించకుండా.