రాగులకు ఊపిరాడని రోజు

నేను కుప్పంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. మైటోకాండ్రియా పాఠం వచ్చిందంటే నాకు హుషారు, వాళ్లకు నిద్ర. ఆ పాఠం ఒకరోజు మా నాన్న మంచం పక్కన చెప్పాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నాన్నకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరితే మదనపల్లె ఆసుపత్రిలో పెట్టాం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించారు. అది ఆయనకు చచ్చేంత నామోషీ. పుంగనూరు చర్చిలో సంఘ పెద్ద మరి! చూడ్డానికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, గొట్టం పీకి దిండు కింద దాచేసేవాడు. "ఊపిరి ఆడతానే ఉండాది కదమ్మా, ఇది యాల?" అనేవాడు. ఇలాగే తీసేస్తుంటే ఐసీయూకు మార్చక తప్పదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. నేను బతిమాలాను, కసిరాను. అమ్మ ఏడ్చింది. ఆయన మాత్రం మెత్తబడలేదు.

తిండి కూడా సయించేది కాదు, మొలకెత్తిన రాగుల గంజి తప్ప. అమ్మ రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మూటతో సహా పుంగనూరులో బస్సెక్కింది. మొలకలొచ్చాక ఆసుపత్రి దగ్గరే ఉన్న పిన్ని ఇంట్లో రుబ్బి పాలు తీయాలని ఆమె లెక్క. అయితే ఆసుపత్రి అంటే అమ్మకు ఒకటే భయం, క్రిములు. అవి రాగులకు అంటుకోకుండా మూటను రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, బిర్రుగా ముడేసి, మంచం కిందికి తోసింది.

మరుసటి సాయంత్రం ముడి విప్పగానే గుప్పుమని వాసన. అటుగా పోతున్న నర్సు ఆగిపోయింది.

"ఎవురప్పా ఈడ తాగొచ్చింది?"

పక్క మంచం పేషెంటు తమ్ముడు, ఎవరూ తనను అడక్కముందే, "నేను కాదమ్మా!" అని లేచి నిలబడ్డాడు. చర్చిలో తాగుడు మీద నోరు నొప్పెట్టేలా మాట్లాడిన నాన్న మొహం చూడాలి అప్పుడు.

"నా మంచం కింద సారాయి వాసనా!"

"ఉత్త నీళ్లే కదా నేను పోసింది," అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

కోపం చల్లారాక నాన్నకు కుతూహలం పట్టుకుంది. ఏదైనా ఎందుకో తెలిసేదాకా వదిలే మనిషి కాదు. "ఉత్త నీళ్లు పోస్తే ఈ వాసన యాల వచ్చిందమ్మా?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మొలకెత్తే గింజ ఊపిరి గట్టిగా పీలుస్తుంది నాన్నా, అని మొదలుపెట్టాను. దాని కణాల్లోని మైటోకాండ్రియా చక్కెర నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను ఒకదాని నుంచి ఒకదానికి అందిస్తూ పోతాయి, స్లాబు వేసే రోజు కంకర తట్టలు చేతులు మారినట్టు. ఆ అందింపులోనే గింజకు కావలసిన శక్తి తయారవుతుంది. చిట్టచివర ఆ ఎలక్ట్రాన్లను తీసుకుని నీరుగా మారేది ఆక్సిజన్.

"మిద్దె పైన ఆఖరున తట్ట అందుకునేటోడు ఎళ్లిపోతే?" అన్నాను, ఆయన యాసలోనే.

"తట్టలు యాడివి ఆడనే, చేతుల్లోనే నిలిచిపోతాయి."

"అంతే. అమ్మ కవర్లు బిగించేసరికి రాగులకు గాలి అందలేదు. పాపం, బతకడానికి చక్కెరను సగంలోనే విరగ్గొట్టుకున్నాయి. దాంట్లో వచ్చే బలం బహు కొంచెం, మిగిలేది ఈ సారాయి."

మొక్కల్లో మనకు లేని అడ్డదారి కూడా ఒకటుందని, ఎలక్ట్రాన్లు ఆ దారిన పోతే శక్తిలో ఎక్కువ భాగం ఉత్త వేడిగా పోతుందని చెప్పాను.

"ఆ దావకూ కడాకు గాలే కావాల్నా?"

"గాలే."

నాన్న మెల్లగా, "మనిషిలో?" అన్నాడు.

"దాదాపు ఇదే ఏర్పాటు నాన్నా. సారాయి పుట్టదు, దానికి బదులు ఒక ఆమ్లం పేరుకుంటుంది. ఊపిరి ఆడటం వేరు, గాలి లోపలి దాకా అందడం వేరు."

అంతలో వరండాలో చర్చివాళ్ల మాటలు వినిపించాయి. వాళ్లు వస్తారనే గొట్టం అప్పటికే దిండు కిందికి చేరింది. వాళ్లు లోపలికి వస్తుంటే నాన్న చెయ్యి దిండు కిందికి పోయింది. గొట్టం బయటికి తీసి, అందరూ చూస్తుండగానే ముక్కుకు పెట్టుకున్నాడు. నావైపు తిరిగి, కోపంగానే అన్నాడు:

"ఇన్నాళ్లూ పెట్టుకో పెట్టుకో అని గదమాయిస్తాంటివి గానీ, యాల పెట్టుకోవాల్నో ఒక్క తూరన్నా సెప్పినావా? ఆ కాలేజీ పిల్లోళ్లకైతే సెప్తావు."

నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, వాళ్లందరి ముందే ఏడుపొచ్చింది.