సర్టిఫికెట్టున్న గొర్లకుక్క

ఆ రోజుల్లో రబ్బరు ముద్ర పడిన కాగితానికి ఉన్న విలువ మనిషి మాటకు ఉండేది కాదు. కాగితం చదవగలిగినవాడి మాటకు మాత్రం అంతకంటే ఎక్కువ విలువ ఉండేది. చిల్పూరు పక్కన మా ఊళ్ళో అలా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. వరంగల్లులో బి.ఏ. పూర్తి చేసి వచ్చాక ఊరంతా నన్ను పేరు మరిచి 'బీఏ' అనే పిలిచేది. ఆ బి.ఏ.తో నాకు దొరికిన ఉద్యోగం జనగామలో ఒక సేటు బట్టల దుకాణంలో తాన్లు విప్పి చూపించడం, కొననివాళ్ళు లేచి వెళ్ళాక మళ్ళీ చుట్టి పెట్టడం. (ఇంటి దగ్గర మేనేజరునని చెప్పుకున్నాను. పెళ్ళి కావలసిన వయసు, క్షమించండి.)

ఆ సేటుకు ఒక కుక్క ఉండేది. పేరు సీజరు, జాతి జర్మన్ షెపర్డ్. హైదరాబాదులో కుక్కల పోటీలకు తీసుకుపోతే మూడు పతకాలు గెలుచుకొచ్చింది. దాని సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి దుకాణంలో లక్ష్మీదేవి పటం పక్కన తగిలించారు. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా మెట్టెక్కి రాదు కనుక సీజరు పెరుగన్నం, బిస్కట్లు తిని పెరిగింది. 'స్టాండ్' అంటే చాలు, వెనక కాలు ఒకటి సాగదీసి, మెడ నిక్కించి, చెవులు నిలబెట్టి, చెప్పినవాడి ముఖంలోకి చూస్తూ బిస్కట్టు వచ్చేదాకా కదలకుండా నిలబడేది. రోజూ సాయంత్రం మేడ మీద దానికి ఆ సాధన చేయించే పని కూడా నాదే. అంటే ఆ కుక్కకు ఏం వచ్చో, ఏం రాదో సేటు కంటే నాకే బాగా తెలుసు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత నేను తెలియదని చెప్పబోతున్నాను.

సేటు కోడలికి దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు, ఇంట్లో కుక్క వెంట్రుకలు ఉండకూడదన్నాడు. ఎక్కడైనా మంచి ఇల్లు చూడవయ్యా అని సేటు కళ్ళు తుడుచుకుంటూ నాకు చెప్పాడు. నాకు వెంటనే మా పెద్దబాపు గుర్తుకొచ్చాడు. మేము కురుమలం, గొర్లు కాసే కులం. మా నాయిన మంద వదిలేసి నన్ను చదివించాడు గానీ, ఆయన అన్న మాత్రం మందే బతుకుగా ఉండేవాడు. ఎండాకాలం గడ్డి ఎండిపోగానే గొర్లను తోలుకుని చిట్యాల దాటి భూపాలపల్లి అడవుల దిక్కు పోయేవాడు. వానలు పడ్డాకే తిరిగి రావడం. ఆయన వెంట నల్లి అనే నాటు కుక్క ఉండేది. బక్కగా, బూడిద రంగులో, ఒక చెవి తెగి, చూడగానే రాయి విసరబుద్ధేసేట్టు ఉండేది. అప్పటికి దానికి వయసైంది, కొంచెం కుంటుతోంది కూడా. ఈ ఒక్క ఎండాకాలం అది నడుస్తుందా లేదా అన్నదే ఆయన పరేషాను.

నేను సీజరును, దాని సర్టిఫికెట్టును తీసుకుని దిగాను. పెద్దబాపు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. అందులో నాకు పనికొచ్చే ఒక్క ముక్క మీద వేలు పెట్టి, షెపర్డ్ అని రాసి ఉందన్నాను.

"షెపర్డ్ అంటే ఏందిరా?"

"గొర్లకాపరి, పెద్దబాపూ."

"అంటే మనోడేనా?"

"మనోడే. జర్మనీ కురుమ."

ఆయన కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. మా పెద్దమ్మ మాత్రం, కురుమోళ్ళ కుక్క పెరుగన్నం తినుడేందని అడిగి, సీజరు అనడం నోరు తిరగక ఆ రోజు నుంచే దానికి సీసాగాడని పేరు పెట్టింది. పెద్దబాపు దాన్ని మంద పక్కన నిలబెట్టి, చుట్ట అయిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "అది నిన్నే సూస్తాందిరా. గొర్లను సూస్తలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటలో మొత్తం పరీక్ష అయిపోయింది. ఫలితం కూడా వచ్చేసింది. కానీ బి.ఏ. చదివినవాడికి అది వినబడలేదు. హుకుం కోసం చూస్తోంది పెద్దబాపూ, హుకుమిస్తే పులినైనా ఆపుతుంది అన్నాను. పనైతే చేస్తదా అని మళ్ళీ అడిగాడు. దాని ఖాందానే పని ఖాందాన్ అన్నాను.

నా మాట నమ్మి, ఆయన నల్లిని మహబూబాబాద్ దిక్కు తండాలో ఉన్న తన దోస్తుకు ఇచ్చి వచ్చాడు. ఆ దోస్తుకు ఉన్నవి నాలుగు మేకలే, ముసలిదానికి దూరం నడిచే బాధ ఉండదని.

ఇక యుద్ధం. సీజరు వీరత్వం కళ్ళారా చూడాలని సెలవు పెట్టి మంద వెంట నేనూ పోయాను. చిట్యాల దాటిన మూడో రోజు పొద్దున, పెద్దబాపు రాత్రికి మందను ఆపే చెలక గురించి ఆ చేను రైతుతో మాట్లాడటానికి పోయినప్పుడు, గుట్ట మీది నుంచి మూడు తోడేళ్ళు దిగాయి. ఒక్కొక్కటి దూడంత ఉంది. సీజరు మెరుపులా దూకి మొదటిదాని గొంతు పట్టుకుంది. నేను కట్టె తీసుకుని రెండోదాని మీదికి...

(ఈ కథను జనగామ హోటళ్ళలో నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ప్రతిసారీ చాయ్ ఎవరో ఒకరు ఇప్పించారు. కాగితం మీద రాస్తుంటే మాత్రం చెయ్యి ఒప్పుకోవడం లేదు. అవి తోడేళ్ళు కావు. పక్క ఊరి కుక్కలు, నాలుగు. దూడంత కాదు, కుక్కంతే ఉన్నాయి. మా నల్లి ఉంటే ఒక్క గుర్రుతో తోక ముడిచేవి.)

అవి మందలో పడగానే గొర్లు చెల్లాచెదురైనాయి. సీజరు చెవులు నిలబెట్టింది. వెనక కాలు ఒకటి సాగదీసింది. మెడ నిక్కించి, అచ్చం పోటీలో నిలబడినట్టు నిలబడి నా ముఖంలోకి చూసింది. ఒళ్ళంతా వణుకుతోంది, కానీ కదలడం లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు అన్నట్టు అలా చూస్తూనే ఉంది. నేను చెప్పలేదు. చెప్పడానికి నేను దాని పక్కన లేను. మొదటి కుక్క కనబడగానే పక్కనున్న బండ మీదికి ఎక్కాను. అక్కడ నిలబడి నేనూ చూస్తున్నాను. నోట్లోంచి ఒక్క కేక రాలేదు.

పెద్దబాపు కట్టె తిప్పుకుంటూ ఉరికొచ్చి వాటిని తరిమేసరికి తొమ్మిది గొర్లు పోయాయి. కొన్ని పిల్లల తల్లులు. కొన్ని కుక్క ముట్టకుండానే బెదిరి వాగు ఒర్రెలో ఒకదాని మీద ఒకటి పడి చచ్చాయి. ఆయన ఒక గొర్రెపిల్లను గొంగట్లో చుట్టుకుని కూర్చున్నాడు. నేను దిగివచ్చి, ఇది షో కుక్క, పని చెయ్యదని నాకేం తెలుసు పెద్దబాపూ అన్నాను.

"నువ్వు ఏడున్నవ్‌రా?"

"ఆ దిక్కు తరుముతున్న."

ఆయన నన్ను కాళ్ళ నుంచి పైదాకా చూశాడు.

"పాంటు ఇస్త్రీ సుత చెదరలే కద బిడ్డా."

గొంగట్లో పిల్లను సర్దుకుని, కోపం లేకుండా, ఎవరికో వేరేవాళ్ళకు చెబుతున్నట్టు అన్నాడు. "దాన్నేం అనకురా. కాయిదం మీద అదీ గొర్లకాపరే, నువ్వూ గొర్లకాపరివే."

(నా కులం సర్టిఫికెట్టు అప్పుడు నా సంచిలోనే ఉంది. ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెడదామని వెంట తెచ్చుకున్నాను.)

ఆ ఎండాకాలం ఆయన అడవిదాకా పోలేదు, మందను అక్కడి నుంచే ఊరికి తిప్పుకొచ్చాడు. నల్లిని తెచ్చుకుందామని తండాకు పోయాడు. అది ఆయన్ని చూసి దగ్గరికి వచ్చింది, చేతులు నాకింది, తోక ఊపింది. ఇంతలో మేక ఒకటి చేన్లో పడబోతే వెనక్కి ఉరికింది, మళ్ళీ రాలేదు. ఆయన పిలవలేదు. "పనిల ఉన్నదాన్ని ఎట్ల పిలుస్త?" అన్నాడు ఇంటికొచ్చి. ఆ చెప్పడంలో గర్వం ఉంది. ఆ తరవాత నెలలోనే మిగిలిన మందను సంతలో అమ్మేశాడు.

ఆయనకు జనగామలో ఒక పత్తి మిల్లు దగ్గర గేటు కాడ నౌకరీ ఇప్పించింది నేనే. దాన్ని కూడా చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. గొంగడి పోయి ఖాకీ వచ్చింది. కారు వస్తే నిటారుగా నిలబడాలి, సలాము కొట్టాలి, లోపల ఏం జరుగుతోందో దాంతో ఆయనకు పని లేదు. పక్కనే ఆయన వెంట తెచ్చుకున్న సీసాగాడు, వాడూ అలాగే నిలబడేవాడు. మిల్లుకొచ్చినవాళ్ళు, కుక్క బలే ఉందే అనేవారు. అంత దూరం పోయి, ఇంత చదివి, నేను చేసిన ఘనకార్యం అది. షో కుక్కతో పని చేయించలేకపోయాను గానీ, పని తప్ప ఇంకేమీ తెలియని మనిషిని మాత్రం గేటు కాడ షోకు నిలబెట్టాను. ఆయన నన్ను ఏనాడూ తిట్టలేదు. గేటు దగ్గర నేను కనబడితే అలవాటుకొద్దీ నాకూ సలాము కొట్టబోయి, మధ్యలో చెయ్యి దించేసి నవ్వేవాడు. ఆ నవ్వు కంటే నాలుగు తిట్లు నయం.

ఇప్పుడు జనగామలో ప్రతి గల్లీలో జాతి కుక్కలున్నాయి. మొన్న పొద్దున నడకకు పోతే, పాలకుర్తి రోడ్డు మీద ఒక పిలగాడు పట్టీ కట్టిన పెద్ద కుక్కతో ఎదురై ఆపాడు. నేను కుక్కల సంగతి తెలిసిన ముసలివాణ్ణని ఎవరో చెప్పారట. "తాతా, దీని తల్లిదండ్రులిద్దరూ షోలల్ల గెలిచినయే. బాయికాడ కావలికి పనికొస్తదా?" అని అడిగాడు. ఆ కుక్క నా ముఖంలోకి చూసింది. నేను అతని భుజం మీద చెయ్యి వేసి, "కుక్క సంగతి నాకు తెల్వది బిడ్డా. గండమొచ్చినప్పుడు అది నీ దిక్కు సూస్తది. అప్పుడు నువ్వేడ ఉంటవో గది సోచాయించుకో" అన్నాను. అతను దండం పెట్టి పోయాడు.

లేదు, అలా అనలేదు. నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నట్టే, షో కుక్కలు దేనికీ పనికిరావు, నాటుదాన్ని పెంచుకో అన్నాను. అతను మలుపు తిరిగి కనబడకుండా పోయాక, రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ఆ మంచి మాట తయారు చేసుకున్నాను. చాలా బాగా కుదిరింది. ఒక్కణ్ణే కాసేపు నవ్వుకుని, ఎండెక్కుతోందని ఇంటికి వచ్చేశాను.