బొట్టు పెడుతుంటే లేవని ప్రసన్నలక్ష్మి

అదేనండీ, ఇంట్లోంచి క్లాసులు చెప్పేవాళ్ళు తలుపేసుకుని పాఠం చెప్పుకోవచ్చు కదా అని మొన్న మీరన్న మాట దగ్గరే ఆగాం. మా మండపేటలో దీపాలు పెట్టే వేళ వీధి తలుపు మూస్తే లక్ష్మి వెనక్కి వెళ్ళిపోతుందంటారు. లక్ష్మి సంగతి నాకు తెలీదు గాని, తెరిచిన తలుపులోంచి ఇంకెవరెవరు లోపలికొస్తారో మాత్రం బాగా తెలుసు. చెప్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

ప్రసన్నలక్ష్మి మా ఎదురింటి అమ్మాయి. చిన్నప్పుడు నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. ఆ ఉద్యోగం ఎలాంటిదంటే, వేసవి సెలవులకి జీతం ఉండదు, కానీ ఆ ఎండల్లోనే ఇల్లిల్లూ తిరిగి మా స్కూల్లో చేర్పించండి అని బతిమాలి పిల్లల్ని పట్టుకురావాలి. తక్కువమందిని తెచ్చినవాళ్ళ మీద కరస్పాండెంటుగారి కన్ను పడుతుంది. ఈ ఏడాది ఆయన మీటింగులో, తెలుగుకి ఇద్దరెందుకు, ఒకరు చాలరా అన్నాట్ట. అదీ తీరిగ్గా టీ తాగుతూ. ఆ ఇద్దరిలో ఒకరు మా పిల్ల. మొగుడు బుల్లిబాబు రైసుమిల్లులో గుమస్తా. మంచివాడే, కానీ మిల్లు ఆడితేనే అతనికి పని.

అందుకే ఆ అమ్మాయి ముందుచూపుతో ఆన్‌లైన్లో తెలుగు నేర్పడం మొదలెట్టింది. పూనాలోనూ బెంగుళూరులోనూ పెరిగే మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. వాళ్ళు బడినుంచి వచ్చాకే క్లాసు, అంటే సాయంత్రం అయిదుకి. పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది, గోడకి గుణింతాల చార్టు అంటించింది. ఎంత బాగా చెబుతుందో మీరు చూడాలి. ఒత్తులు నేర్పాలంటే, అమ్మ, అక్క, అవ్వ అని రాసి, వెళ్ళి వాళ్ళని పిలుచుకురండి అంటుంది. ఆ పిల్లలు పరిగెత్తుకెళ్ళి వంటింట్లోంచి అమ్మమ్మల్ని లాక్కొచ్చి కూర్చోబెడతారు. ఓరోజు పక్కన కూర్చుని చూస్తూ నేను చప్పట్లు కొట్టబోయి, క్లాసు నడుస్తోందని గుర్తొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

మా వీధికి అర్థమైంది మాత్రం వేరే. ప్రసన్నలక్ష్మి సాయంత్రాలు ఇంట్లో ఖాళీ అని. గ్యాసు బండ వస్తే తీసుకోమని తాళం ఇచ్చేవారొకరు, పిల్లాణ్ణి కాస్త చూడమని వదిలేసి బజారుకెళ్ళేవారొకరు. బడికెళ్ళి చెబితే ఉద్యోగం, ఇంట్లో చెబితే కాలక్షేపం. వేసవిలో జీతం ఎగ్గొట్టే బడికున్న మర్యాద ఈ క్లాసుకి లేదు.

మొన్న శుక్రవారం పూనావాళ్ళకి డెమో ఉంది. సారిక అని ఒకావిడ, తమ అపార్ట్‌మెంటులో తెలుగు పిల్లలందర్నీ కలిపి ఒక బ్యాచిగా చేర్పిద్దామని చూస్తోంది. ఆ బ్యాచి దొరికితే స్కూలువాళ్ళు రావద్దన్నా ఇల్లు గడుస్తుంది. పాఠం మంచి ఊపులో ఉండగా దిగింది నాగరత్నం.

నాగరత్నం బుల్లిబాబుకి మేనత్త. చిన్నకొడుకు పెళ్ళి పిలుపులకి వచ్చింది. మా వైపు ఇంటికొచ్చి, ఇల్లాలికి బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. దాన్ని నేను తప్పు పట్టనండి. వచ్చేముందు ఒక ఫోను చేస్తే ఏం పోయింది? ఇద్దరు చుట్టాల్ని వెంటేసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని తిన్నగా లాప్‌టాప్ దగ్గరికే వచ్చేసింది. కాసేపు కూర్చోండి అని ప్రసన్నలక్ష్మి చేత్తో సైగ చేసింది. ఈవిడ ఆగితేనా. అక్కడే వంగి నుదుట బొట్టు పెట్టేసింది. తెర మీద పిల్లలకి నాగరత్నం వీపు తప్ప ఏమీ కనపడలేదు. వినపడింది మాత్రం బాగానే వినపడింది.

"ఏంటమ్మా, బొట్టు పెడుతుంటే లేవవా? ఆ డబ్బాలో బొమ్మలకున్న విలువ మాకు లేదా?"

పిల్లలు పడీపడీ నవ్వారు. సారిక మాత్రం, ఇంట్లో వాతావరణం క్లాసుకి కుదిరేలా లేదేమోనండి, ఆలోచించుకుని చెప్తాం అని మెసేజి పెట్టింది.

నాగరత్నం ఊరుకుందా? పిలుపులకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, చివరికి నాకు బొట్టు పెడుతూ కూడా, ఇదే చెప్పింది. ప్రసన్నలక్ష్మి తన ఇంటికొచ్చి దణ్ణం పెట్టి, లేచి నిలబడి బొట్టు పెట్టించుకుంటే సరేసరి, లేకపోతే మొగుడూపెళ్ళాలు పెళ్ళికి రానక్కర్లేదంది. బుల్లిబాబు హడలిపోయి, రేపు సాయంత్రం అయిదింటికి తీసుకొస్తానని మాటిచ్చేశాడు. పెళ్ళాన్ని ఒక్కమాట అడగలేదు. ఈలోగా ఆ పిల్ల సారికని బతిమాలి ఇంకో డెమో ఒప్పించుకుంది. అదీ రేపు అయిదింటికే. ఇదే ఆఖరని ఆవిడ ముందే చెప్పింది.

ఇందాక ఎదురింట్లో గొంతులు వినపడి వెళ్ళాను. పెద్దావిడకిచ్చిన మాట మారిస్తే బాగోదు, పూనావాళ్ళనే ఇంకోరోజు పెట్టుకోమను అంటున్నాడు బుల్లిబాబు.

"రేపు స్కూలువాళ్ళు మానేయమంటే మీ అత్త నెలనెలా బియ్యం పంపిస్తుందేంట్రా?" అన్నాను.

తల గోక్కున్నాడు. "మేనత్తండి. ఆవిడ ముందు నాకు నోరు పెగలదు టీచరుగారూ."

ప్రసన్నలక్ష్మి అక్షరాల అట్టలు సర్దుకుంటూ, తలెత్తకుండానే చెప్పింది. "దణ్ణం పెట్టడం నాకేం బరువు కాదండి. పొద్దున్నే రమ్మన్నా వెళ్తాను. రేపు అయిదింటికి మాత్రం నాకు డ్యూటీ ఉంది. లేవను."

బుల్లిబాబుకి నోరు పెగలకపోతే పోనీండి, నాకు పెగులుతుంది. నాగరత్నమూ నేనూ టెన్త్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అందరికీ అది అత్తగారూ, పిన్నిగారూ, పెద్దావిడానూ. నాకు ఉత్త నాగరత్నమే. ఇది రాయడం పూర్తిచేయగానే దానికి ఫోను చేస్తాను. రేపు పొద్దున్నే ఆ పిల్లని నేనే వెంటబెట్టుకొస్తాను, అప్పుడు తీరిగ్గా పెట్టు నీ బొట్టు, సాయంత్రం మాత్రం ఆ పిల్లని రమ్మనకు అని చెప్తాను. కాదు, అయిదింటికే రావాలి అందా, నాకు పెట్టిన బొట్టు కూడా వెనక్కి తీసుకో, నేనూ నీ కొడుకు పెళ్ళికి రానంటాను.