హంగరీలో నేను కాపాడిన మిరపకాయలు

యూరప్ వెళ్ళిన మనవాళ్ళు రకరకాలుగా పరువు పోగొట్టుకుంటారు. ఒకడు టికెట్ లేకుండా ట్రామెక్కి దొరికిపోతాడు. ఇంకొకడు మ్యూజియంలో రాజుగారి కుర్చీలో కూర్చుని సెల్ఫీ దిగుతాడు. ఇవన్నీ చిల్లర తప్పులు. నేను చేసింది వేరు. ఒక ఊరు ఊరంతా తెల్లవారుజాము నుంచి మోకాళ్ళ మీద కూర్చుని చేసిన పనిని, వాళ్ళు భోజనం చేసి వచ్చేలోపు ఒక్కడినే నాశనం చేశాను. అదీ చాలా గర్వంగా. నమ్మకపోతే వీడియో ఉంది. నా స్నేహితుడు రఫీ దగ్గర భద్రంగా ఉంది. పెళ్ళి భోజనాల్లో పెరుగన్నం దగ్గరికి రాగానే తీసి చూపిస్తుంటాడు.

మాది మార్టూరుకి అవతల ఒక పల్లెటూరు. మిరప, పత్తి తప్ప మూడో సంగతి మా ఇంట్లో మాట్లాడుకోగా నేను వినలేదు. అలాంటి ఇంట్లోంచి కంప్యూటర్లు చదవడానికి బుడాపెస్ట్ వెళ్ళాను. రఫీ నా రూమ్మేటు. వాళ్ళది వేటపాలెం, జీడిపప్పు వ్యాపారం. శని ఆదివారాలొస్తే ఇద్దరం ఏదో ఒక ఊరు చూడటానికి బయల్దేరేవాళ్ళం. రఫీకి ఎక్కడికి వెళ్ళినా ఎత్తుగా ఉన్నది ఎక్కాలి. కోటో, కొండో, గంటల గోపురమో ఎక్కి ఫోటో తీస్తేగానీ వాడికి ఊరు చూసినట్టుండదు. నాకేమో కిందే పని. ఇదేం నేల, ఏం పండుతుంది, ఎవరు కొంటారు అని అడిగి తెలుసుకోకపోతే నాకు తిన్నది అరగదు.

ఒకరోజు అక్కడి మార్కెట్లో కారప్పొడి కనిపించింది. రంగు చూస్తే మన గుంటూరు మిర్చి యార్డులో కూడా అంత ఎరుపు అరుదు. ఇంటి మీద బెంగతో చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా ఉంది! మీరు కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. మిరపకాయ పుట్టిందే కారంగా ఉండటానికి. ఆ ఒక్క పనీ మానేసిన మిరపకాయ ఎలా బతుకుతోంది? ఎవరు పెంచుతున్నారు? ఎందుకు పెంచుతున్నారు? ఆ రాత్రంతా అదే ఆలోచన.

"ఒరేయ్ రఫీ, శనివారం మిరపకాయలు పండే ఊరికి పోదాం."

"మిరపకాయలు చూడ్డానికి యూరప్ వచ్చావా? మీ ఊళ్ళో తక్కువయ్యాయా?"

"అవి కారం ఉండవురా."

"మరింకెందుకు చూడ్డం?"

"అందుకే చూడాలి!"

ఆ ఊరి చర్చికి గంటల గోపురం ఉందని, పైకి ఎక్కనిస్తారని చూపించాక ఒప్పుకున్నాడు.

సెప్టెంబరు నెల. బస్సు దిగేసరికి ఊరంతా ఎర్రగా ఉంది. తెల్లటి గోడలకి చూరు నుంచి కిటికీ దాకా మిరపకాయల దండలు వేలాడదీశారు. ఆ రోజు అక్కడ మిరప పండగట. చుట్టుపక్కల ఊళ్ళకీ వీళ్ళకీ ఏదో పోటీ కూడా ఉందట. వచ్చినవాళ్ళకి ఊరు చూపించడానికి మార్తా అనే టీచరమ్మ నిలబడి ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చు. పాపం, అదే ఆవిడ చేసుకున్న తప్పు.

"నారు ఎప్పుడు పోస్తారండీ? ఎన్ని కోతలు కోస్తారు? పురుగుకి ఏం కొడతారు? తొడిమ తీసి ఎండబెడతారా, తొడిమతోనా?"

ఆవిడ ఓపికగా చెప్పింది. మధ్యలో రెండుసార్లు చర్చి ముందున్న బొమ్మ గురించి ఏదో మొదలుపెట్టబోయింది. రెండుసార్లూ నేను మిరపకి పట్టే తెల్లదోమ గురించి అడిగి ఆపేశాను. చివరికి ఆవిడే అలసిపోయి, "అందరం హాల్లో భోజనాలకి వెళ్తున్నాం, మీరూ రండి, వేడి వేడి సూపు ఉంది" అంది. కాసేపట్లో వస్తామన్నాం. రఫీ గోపురం ఎక్కడానికి పోయాడు. నేను నాన్నకి వీడియో కాల్ చేశాను.

మా ఊళ్ళో అప్పుడు టీ వేళ. నాన్న చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"గోడలకి ఆ తోరణాలేంట్రా? ఎవరిదన్నా పెళ్ళా?"

"కాదు నాన్నా, అలా ఎండబెడతారంట."

"గోడకా! మరి ఎకరం కాయ ఎండాలంటే ఎన్ని గోడలు కట్టాలి?"

ఒక కాయ కొరికి చూపించాను. కళ్ళల్లో నీళ్ళు రాలేదు, ముక్కు కారలేదు. నాన్న ముఖం మాడిపోయింది.

"కారం లేకపోతే అది మిరపకాయేంట్రా? దొండకాయకి రంగేసినట్టుంది. సరేలే, కల్లం ఉందేమో చూడు."

కల్లం అంటే మా వైపు కోసిన కాయ ఎండబోసే చోటు. అది వెతుక్కుంటూ చర్చి ముందుకి వచ్చాను. అక్కడ ఉంది! ఆ మైదానం మొత్తం మిరపకాయలు పరిచి ఉన్నాయి. చుట్టూ తాడు కట్టి, తాడుకి బుల్లి జెండాలు కట్టారు. కోళ్ళు రాకుండా అనుకున్నాను. కాకపోతే ఎర్రకాయల మధ్యలో పసుపుకాయలు, ఆకుపచ్చకాయలు, అక్కడక్కడ మొక్కజొన్న గింజలు కూడా ఉన్నాయి. నాన్నకి చూపించాను.

"ఛీ ఛీ, కలగాపులగంగా పోశారేంట్రా! ఏరుకోరా వీళ్ళు? యార్డుకి తెస్తే ఒక్కడు ముట్టుకోడు."

సరిగ్గా అప్పుడే ఎండ పోయింది. తలెత్తి చూస్తే చర్చి వెనక నుంచి నల్లటి మబ్బు వస్తోంది. ఎక్కడో ఉరిమింది. నా చేతి మీద చుక్క పడింది. ఫోనులో నాన్న లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, వానరా! ఎవరూ లేరా అక్కడ? కేకెయ్!"

"వానొస్తోంది! వానండీ! వాన!" అని చర్చి ముందు నిలబడి తెలుగులో అరిచాను. హాల్లోంచి పాట, గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మిరప కల్లం మీద వాన పడటం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి నా పిచ్చి అర్థం కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మాపటేళ వాన ముంచుకొచ్చింది. ఊళ్ళో అందరూ పరుగెత్తుకొచ్చారు. మాతో మాటల్లేని పక్క చేనువాళ్ళు కూడా వచ్చి పట్ట కొస పట్టుకున్నారు. అయినా సగం తడిసింది. తెల్లారేసరికి ఆ సగం రంగు పోయి, తెల్లబడి, ఎవరూ కొనని తాలుకాయైంది. నాన్న ఆ కాయల్ని చేత్తో కెలుకుతూ చాలాసేపు కూర్చున్నాడు. అది చూసి ఏడ్చాను. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, క్లాసులో ఉన్నా నా కాళ్ళు ఆగవు.

"చూస్తావేంట్రా! గుట్ట పొయ్యి!" అన్నాడు నాన్న.

చర్చి గోడకి మంచు తోసే వెడల్పాటి పార ఆనించి ఉంది. ఫోను చొక్కా జేబులో కెమెరా బయటికి ఉండేలా పెట్టుకుని, తాడు దాటి, పార అందుకున్నాను. ముందు దగ్గరి కొస నుంచి, ఆ తర్వాత అవతలి కొస నుంచి మధ్యకి తోస్తూ పోయాను.

"కుడివైపు వదిలేశావ్! గబగబా తొయ్యి! అదీ! అట్టా!"

మధ్యలో పైకి చూస్తే గోపురం మీద రఫీ కనిపించాడు. రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. గాలికి ఏమీ వినిపించలేదు. వాడు నన్ను చూసి ఎంత గర్వపడుతున్నాడో అనుకుని నేను కూడా పార ఎత్తి ఊపాను. వాడు తల పట్టుకున్నాడు. దానికీ నేను మంచి అర్థమే తీసుకున్నాను.

చివరికి మైదానం నడుమ నా ఎత్తు గుట్ట తేలింది. పక్కన బల్లల మీద కప్పిన నీలం టార్పాలిన్ పట్ట లాక్కొచ్చి కప్పాను. అంచులు ఎగరకుండా చర్చి మెట్ల మీదున్న పూలకుండీలు తెచ్చి పెట్టాను. ఒక మూల చాలకపోతే నా కోటు తీసి కప్పాను. చెమటలు కక్కుతూ నిలబడ్డాను.

"శభాష్! వాళ్ళని కాఫీ అన్నా ఇమ్మను," అన్నాడు నాన్న.

ఆ మాట అంటుండగానే మబ్బు తేలిపోయి ఎండ కాసింది. పడినవి పది చుక్కలు కూడా ఉండవు.

హాలు తలుపులు తెరుచుకున్నాయి. ఊరంతా బయటికొచ్చింది. నేను చిరునవ్వుతో చొక్కా సర్దుకున్నాను. చిన్నపిల్ల ఒకతె భోరుమంది. మార్తా గుట్ట చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"ఇది... మీరే చేశారా?"

"ఫరవాలేదండీ. మా ఊళ్ళో ఎవరైనా చేస్తారు."

"ఎందుకు చేశారు?"

"తడిసిపోవూ?"

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. "అవి ఎండబెట్టినవి కావు. అది బొమ్మ. గౌను వేసుకుని నాట్యం చేసే అమ్మాయి బొమ్మ. కింద నుంచి కనపడదు, గోపురం మీద నుంచి చూడాలి. పోటీ దానికే. నాలుగింటికి జడ్జీలు వస్తారు."

అప్పుడే రఫీ రొప్పుతూ మెట్లు దిగి వచ్చాడు.

"ఒరేయ్ శీనూ! ఎన్నిసార్లు ఫోన్ చేశాన్రా నీకు! ఎంతసేపూ ఎంగేజ్! ముందు అమ్మాయి కాళ్ళు పోయాయి, తర్వాత గౌను పోయింది, నడుం పోయింది... చివరికి తల ఒక్కటే నన్ను చూస్తూ మిగిలింది. అదీ తోసేశావు!"

జేబులోంచి నాన్న గొంతు వినిపించింది. "ఏమంటోందిరా ఆవిడ? థాంక్స్ చెప్పిందా?"

జనం పక్కకి తప్పుకున్నారు. తలకి రుమాలు కట్టుకున్న ఒక మామ్మగారు ముందుకి వచ్చింది. పేరు ఇలోనా. బొమ్మ గీసింది ఆవిడే. ప్రతి ఏడాదీ పక్క ఊరే గెలుస్తోందని, ఈసారి ఎలాగైనా గెలవాలని వేసవంతా కాగితాల మీద గీసిందట. ఆవిడ తిట్టలేదు. కుండీ పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. నాకు నిజంగా చచ్చిపోవాలనిపించింది. మామ్మ మార్తాతో ఏదో అంది.

"ఎందుకు చేశావో మళ్ళీ చెప్పమంటోంది, సరిగ్గా."

చెప్పాను. కల్లం, వాన, తాలుకాయ, మాటల్లేనివాళ్ళు కూడా పరుగెత్తుకు రావడం, అన్నీ చెప్పాను. మార్తా ఒక్కో ముక్కా వాళ్ళ భాషలో చెబుతుంటే ఆ ఊరి రైతులు దగ్గరికి జరిగారు. ఎంత ఎండబోస్తారు, ఏం కప్పుతారు అని వాళ్ళే ప్రశ్నలు మొదలుపెట్టారు. ఒకాయన నేను పట్ట వేసిన తీరు పరీక్షించి, బాగా కప్పాడని మెచ్చుకున్నాడు. అంతా విని ఇలోనా మామ్మ గుట్టలోంచి ఒక కాయ తీసి నాకు చూపించింది. ఒక పక్క కుళ్ళి ఉంది.

"బొమ్మకి మంచి కాయ ఎవరు వాడతారు? ఏరి పారేసినవే తెచ్చాం. ఎల్లుండి వీటిని పందులకి వేస్తాం," అని తర్జుమా చేసింది మార్తా.

అంటే నేను పాడుచేసింది వేసవంతా పడిన కష్టం. కాపాడింది పందుల మేత. ఈ రెండు వాక్యాలూ రఫీ ఇప్పటికీ వారానికోసారి వల్లిస్తాడు.

ఇక చూడాలి ఆ మధ్యాహ్నం. నేను ఫోనెత్తకపోయేసరికి రఫీ కోపమొచ్చి గోపురం మీద నుంచి తీసిన వీడియోని వెనక్కి తిప్పుతూ, ఒక్కో ముక్క దగ్గర ఆపుతూ ఊరంతా మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. రఫీ గోపురం ఎక్కి పైనుంచి చేతులతో సైగలు చేశాడు. తలతో మొదలుపెట్టి కిందికి వచ్చారు. నన్ను బుట్టలు మొయ్యనిచ్చారు. కింద పెట్టనివ్వలేదు, ఒక్క కాయ కూడా. గౌను అంచు దాకా వచ్చేసరికి జడ్జీల కారు వచ్చేసింది. ముగ్గురూ గోపురం ఎక్కారు, చాలాసేపు చూశారు, దిగారు.

"అమ్మాయి బాగుంది. కాళ్ళేవి?" అని అడిగారు.

ఇలోనా మామ్మ నా వైపు చూపించి ఏదో అంది. ఊరంతా గొల్లుమంది. జడ్జీలు కూడా నవ్వారు. మార్తా నా చెవిలో చెప్పింది. "వానొస్తోందని ఈ అబ్బాయి కేకేస్తే కాళ్ళు ముందే పరుగెత్తాయంది."

నవ్వారు గానీ, కాళ్ళు లేని బొమ్మకి బహుమతి ఇవ్వరు కదా. ఈసారి కూడా పక్క ఊరే గెలిచింది. మామ్మ నా చేతిలో మంచి కాయల దండ ఒకటి పెట్టి, చెంప మీద మెల్లగా ఒక్కటి వేసింది. అది దీవెనో దెబ్బో తేల్చుకోలేకపోయాను. రెండూ అయ్యుంటాయి. బస్సెక్కేదాకా ఆవిడ ముఖం చూడలేకపోయాను.

బస్సులో రఫీ ఎదుట, ఆ దండ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. "ఇకమీదట ఏ దేశంలోనైనా సరే, పరాయివాళ్ళ మిరపకాయల్ని యజమాని అనుమతి లేకుండా ముట్టను. ఎర్రగా ఏది కనపడినా ముందు గోపురం ఎక్కి చూస్తాను. ఉరిమినా, మెరిసినా, వడగళ్ళు పడినా చేతులు జేబులోంచి తియ్యను. టీచరమ్మ బొమ్మ గురించి చెబుతుంటే తెల్లదోమ ఊసెత్తను."

ప్రమాణం పూర్తయ్యాక నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అది కల్లం కాదని, బొమ్మని, పోటీ పోయిందని, కాయలు పందులకని, నేను ఇలా ఒట్టు పెట్టుకున్నానని. ఆయన బాధపడతాడనుకున్నాను.

"బొమ్మైతే మాత్రం తడవదంట్రా?" అన్నాడు నాన్న. "ఒట్టూ లేదు గట్టూ లేదు. ముందు కప్పెయ్, తర్వాత అడుగు."